నూరు బొమ్మల చట్టం

బయ్యమ్మకు నలభై రెండేళ్లు. నోట్లో ఆకూవక్కా లేనిదే మాట్లాడదు. పన్నెండు తోలుబొమ్మలతో వారానికో ఆట ఆడేది. చూసే ఇళ్లవాళ్లు నెలకో మానిక జొన్నలు కొలిచేవారు. అదే ఊళ్లో వీరప్ప మేళానిదీ అదే బేరం.

పోటీ పడలేక వీరప్ప మంత్రి చెవి కొరికాడు. వారం తిరక్కుండా చాటింపు పడింది: జనానికి నాసిరకం ఆటలు తగవు, నూరు బొమ్మలు లేని మేళం ఇక ఆడకూడదు. నూరు బొమ్మలున్నది వీరప్ప ఒక్కడికే. మర్నాటికల్లా మానిక కాస్తా మూడు మానికలైంది.

బయ్యమ్మ రాజు కొలువుకెళ్లింది. మంత్రి పక్కనే వీరప్పా ఉన్నాడు.

“పన్నెండు బొమ్మల ఆడదానివి, చట్టానికే వంకలు పెడతావా?” అన్నాడు మంత్రి.

“లేదు దొరా, చట్టం మంచిదే. గట్టిగా అమలు చెయ్యమని అడగడానికొచ్చాను. నూరు బొమ్మలుంటేనే మంచి ఆట అన్నారు కదా, వీరప్పన్న ప్రతి ఆటలోనూ నూరింటినీ ఆడించాలి. పెట్టెలో పడుకున్న బొమ్మలకు జనం జొన్నలెందుకు పొయ్యాలి?”

రాజు వీరప్ప వైపు చూశాడు.

వీరప్ప చేతులు జోడించాడు. “అదెలా కుదురుతుంది ప్రభూ? తెర మీద ఆరు పడితే ఏడోదానికి చోటుండదు. ఏ కథకైనా పది బొమ్మలు చాలు.”

“నా దగ్గర రెండు ఎక్కువే ఉన్నాయి,” అంది బయ్యమ్మ.

రాజు మంత్రి చేతిలోని తాటాకు శాసనం తీసుకుని ముక్కలు చేశాడు. ఊళ్లో మళ్లీ రెండు తెరలు లేచాయి. మూడు మానికలు ఒక మానికకు దిగాయి.

ఏడాది తిరిగేసరికి, వీరప్ప తెర వెనక కూలి లేకుండా పాడుతున్న ముగ్గురు ఆడవాళ్లను బయ్యమ్మ తన మేళంలో చేర్చుకుని, మగవాళ్లతో సమానంగా జొన్నలు కొలిచింది.