రాగిమీసం కొట్టించిన పేరు

ఐరోపాలో రెండు మంచుకొండల సందున జానెడడవి అని ఒక అడవి ఉండేది. పేరుకు తగ్గట్టే చిన్నది. కుందేలు పొద్దున్నే ఒక కొస నుంచి బయలుదేరితే ఎండెక్కేలోపు రెండో కొసకు చేరేది. నక్కలు, ముళ్లపందులు, కుందేళ్లు, ఉడుతలు, గబ్బిలాలు, కొండమేకలు అక్కడ కాపురముండేవి. ఓటు ఉన్నవి మొత్తం రెండు వందల పన్నెండు. ఎవరు దగ్గినా ఆ దగ్గు ఎవరిదో అందరికీ తెలిసిపోయేది.

అడవిని తొమ్మిది రాళ్ల సభ నడిపేది. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. పోటీ వెడల్పాకు జట్టుకూ, సన్నాకు జట్టుకూ మధ్య. ఒక్కో జట్టు తన ఆకు మీద తొమ్మిది పేర్లు రాసి ప్రతి గూటికీ పంపేది. ఓటరు అందులో ఒక ఆకును ఎంచుకోవాలి. వచ్చిన ఆకులను బట్టి ఆ జట్టుకు రాళ్లు. ఆ రాళ్ల మీద ఎవరు కూర్చోవాలో మాత్రం పేర్లను బట్టి తేలేది. నచ్చని పేరును గోటితో కొట్టేయొచ్చు. ఆ ఖాళీలో అవతలి జట్టువారి పేరైనా రాసుకోవచ్చు. చాలామంది ఎన్నికల రోజుదాకా ఆగరు. ఆకు మడిచి కాకి చేత ముందే పంపేస్తారు.

గెలిచిన జట్టులో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారికి ఎత్తురాయి దక్కుతుంది. పన్నెండేళ్లుగా దాని మీద రాగిమీసం అనే నక్క కూర్చుంటోంది.

ఈసారి రాగిమీసానికి కాలు నిలవలేదు. ఏ కలుగు ముందు ఆగినా ఒకటే మాట వినబడింది: సూదమ్మ, సూదమ్మ. సూదమ్మ ముళ్లపంది. రాగిమీసం జట్టే. మంచు కరిగి కలుగుల్లోకి నీళ్లొచ్చినప్పుడు నక్క రాయెక్కి ధైర్యం చెప్పింది. సూదమ్మ ఇంటింటికీ వెళ్లి కాలువ తవ్వింది. అందుకే నక్క తన పేరు ఆకు మొదట్లో, తొడిమ దగ్గర రాయించుకుంది. సూదమ్మ పేరును చిట్టచివరికి, కొసకు తోయించింది. అయినా మనసు కుదుటపడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అది గబ్బిలాల గుహకు వెళ్లింది. అక్కడ నలభై ఒక్క ఓట్లు ఉన్నాయి.

"ఊయలయ్యా, ఆకులు నింపేశారా?" అని గబ్బిలాల పెద్దను అడిగింది.

"ఇంకా లేదు దొరా. నిద్ర లేచాక నింపుదామనుకున్నాం."

"మన ఆకే కదా?"

"తాతల నాటి నుంచీ వెడల్పాకే."

నక్క గొంతు తగ్గించింది. "ఒక్క పేరు మాత్రం కొట్టేయండి. అన్నిటికంటే కిందున్న పేరు."

"ఎవరిది దొరా అది?"

నక్క వెనక్కి తిరిగి చూసింది. ఆ అడవిలో గుసగుసగా పలికిన పేరు పలికినవాడి కంటే ముందే ఇల్లు చేరుతుంది. "పేరుతో నీకేం పనయ్యా? కింద చూసి కొట్టండి, చాలు."

"అంతేగా! కింద పేరు. నలభై ఒక్కరం కొట్టేస్తాం."

శనివారం నక్క ఉండబట్టలేక మళ్లీ వెళ్లింది. ఆకుల మూట ముక్కున కరుచుకుని కాకి కబురయ్య అప్పుడే గుహ దాటుతోంది.

"మీరన్నట్టే చేశాం దొరా!" అంది ఊయలయ్య. "ఇదిగో, ఇలా పట్టుకుని." తలకిందులుగా వేలాడుతూ మిగిలిన ఆకు ఒకటి విప్పి చూపింది. అక్షరాలు దాని కళ్లకు సరిగ్గానే ఉన్నాయి. తొడిమ మాత్రం నేల వైపు ఉంది. నక్క మెడ వంచి అన్నిటికంటే కిందున్న పేరు చదివింది.

రాగిమీసం.

"ఇది పైపేరు కదయ్యా!"

"పైనా? మా కాళ్లుండేది పైన దొరా, తలుండేది కింద. పుట్టినప్పటి నుంచీ అంతే కదా." ఊయలయ్య రెక్కలు ముడుచుకుంది. "మీ పేరు చూసి మేమూ తెల్లబోయాం. మా ఆడది ఏడ్చింది కూడా. పెద్దాయన అలిసిపోయి ఉంటాడు, తప్పుకుంటానని నోరు తెరిచి చెప్పలేక ఇలా అడిగాడు కాబోలు అనుకున్నాం."

నక్క పరుగందుకుంది. సభ దారిలో మైలురాయి మీద వాలి రొప్పుతున్న కాకిని పట్టుకుంది.

"కబురయ్యా, ఆ మూట ఓసారి విప్పు!"

కాకి మూటను కాలి కింద అదిమి పెట్టింది. "ఎందుకు మావా?"

"అందులో తప్పుంది."

"తప్పుంటే సభ గుమస్తా కొండమేకతో చెప్పుకో. మూట కట్టాక నేను దాని మొహం కూడా చూడను." అని మూట కరుచుకుని ఎగిరిపోయింది.

ఆదివారం మిట్టమధ్యాహ్నానికి ఓటింగు ముగిసింది. ఎండ ఎత్తురాయి దాటేలోపే లెక్కింపూ అయిపోయింది. ఈలోగా నక్క ఆ రాయి చుట్టూ పదకొండు సార్లు తిరిగింది. సభ గుమస్తా కొండమేక గొంతు సవరించుకుంది.

"వెడల్పాకు, నూట పద్దెనిమిది. ఐదు రాళ్లు. సన్నాకు, తొంభై నాలుగు. నాలుగు రాళ్లు."

వెడల్పాకువాళ్లు గంతులేశారు. నక్క వెయ్యలేదు.

"వెడల్పాకులో పేర్లు. మొదట సూదమ్మ, నూట నలభై."

సన్నాకువాళ్లే ఇరవై ఆరుగురు ఆ పేరు తమ ఆకు మీద రాశారు. గుమస్తా వరసగా చదువుకుంటూ పోయింది. ఐదో పేరు అయింది, ఎనిమిదోదీ అయింది.

"చివరిది రాగిమీసం, డెబ్బై ఏడు."

"తప్పు!" అని అరిచింది నక్క. "మళ్లీ లెక్కపెట్టాలి! గబ్బిలాలు కొట్టాల్సింది నా పేరు కాదు!"

కొండమేక తలెత్తింది. "మరి ఎవరిది?"

అడవంతా అటే చూసింది. సూదమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది.

"అభ్యంతరం లేదని రాసుకోనా?" అని అడిగింది గుమస్తా.

"రాసుకో," అంది నక్క.

ఎవరి పేరు అన్నది ఎవరూ చెప్పలేదు. నక్క తన గుహ చేరేసరికి మాత్రం అందరికీ తెలిసిపోయింది.

మర్నాడు సూదమ్మ ఎత్తురాయి ఎక్కి మొదటి తీర్మానం చదివింది. ఇకమీదట ఆకు మీద ప్రతి పేరు పక్కనా అంకె వెయ్యాలి. ఎటు నుంచి చదివేవారికైనా పొరపాటు రాకూడదు.

ఆ తీర్మానాన్ని రాగిమీసం కింద నిలబడి విన్నది.

నీతి: పైకి చెప్పలేని పేరును చాటుగా కొట్టించబోతే, చెరిగిపోయేది మన పేరే.