చిరుగు నిలిచే కాలేయం

డాక్టర్ హైమవతి గారికి ఒక అలవాటు ఉండేది. శిక్షణ గది తెరిచే ముందు మేక కార్జం ఒక ముక్క కొని తెచ్చి, స్టీలు పళ్లెంలో పెట్టి, కళ్లు మూసుకుని వేలితో నొక్కి చూసేవారు. వెంటనే ఆపరేషన్లు నేర్పే యంత్రం పిడి పట్టుకుని, తెర మీది కాలేయాన్ని కూడా అంతే నొక్కేవారు. రెండింటి బిగువూ ఒకటేనా కాదా అన్నది ఆవిడ వేలే చెప్పాలి. మాంసం కొట్టు మస్తాన్ రోజూ అడిగేవాడు: "డాక్టరమ్మా, ఇవాళ కూరకా, కంప్యూటర్‌కా?"

"కంప్యూటర్‌కే. అదైతే ఉప్పు తక్కువైందని అనదు."

కత్తి పట్టబోయే కుర్ర డాక్టర్లంతా ఆ యంత్రం మీదే సాధన చేసేవారు. నళిని ఐదు వందల సార్లు చేసింది, అందరికంటే ఎక్కువ. ఆ నళిని ఒక ఉదయం వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"మేడమ్, పైడమ్మను నేను ఎప్పటికైనా మరిచిపోగలనా? రేపటి ఆపరేషన్‌కి మళ్లీ నా పేరే వేశారు. మరిచిపోకపోతే నా చేయి కదలదు."

పైడమ్మ మూడు రోజుల క్రితం ఆపరేషన్ బల్ల మీదే పోయింది. పిత్తాశయం తీయడానికి కాలేయాన్ని పక్కకు జరుపుతూ నళిని కాస్త ఎక్కువ నొక్కింది. అది చిరిగింది. నెత్తురు ఆగలేదు. మత్తు ఇచ్చే ముందు పైడమ్మ అడిగింది ఒక్కటే: "కుట్లు ఎప్పుడిప్పుతారమ్మా? నాట్లున్నాయి."

హైమవతి గారు పిడి చేతికిచ్చి, "ఆ రోజు నొక్కినంత నొక్కు" అన్నారు. నళిని నొక్కింది. తెర మీద కాలేయం చిరిగింది. చేయి తీయగానే అతుక్కుని, మొదట్లాగే నున్నగా అయిపోయింది. ఐదు వందల సార్లూ అలాగే అయింది.

"మొదట్లో ఇలా ఉండేది కాదు. చిరిగితే చిరిగినట్టే ఉండేది. మీ ముందువాళ్లు గోల పెడితే నేనే తీయించేశాను" అంటూ ఆవిడ ఒక మీట నొక్కి ఆ పాత పద్ధతి మళ్లీ పెట్టారు.

నళిని మళ్లీ అంతే నొక్కింది. ఈసారి చిరుగు నిలిచింది. రెండోదీ నిలిచింది. చేయి కదిలినంతసేపూ కాలేయం ఎలా సాగాలో, ఎంత ఎదురు నెట్టాలో యంత్రం సెకనుకు వెయ్యిసార్లు లెక్క కట్టుకోవాలి. ప్రతి చిరుగూ ఆ లెక్కను పెంచుతుంది. ఆరో చిరుగుకి బొమ్మ తడబడింది. తొమ్మిదోదానికి నళిని చేయి ముందుకు వెళ్లినా తెర మీది పరికరం ఉన్నచోటే ఉండిపోయింది.

"ఇలా ఉంటే ఎవరు మాత్రం ఆపరేషన్ చేయగలరు మేడమ్?"

"చేయలేరు."

"అయితే తీసేయండి."

ఆవిడ మీట మీద వేలు పెట్టి ఆగారు. "ఏ చిరుగు ముందు తీసెయ్యమంటావు?"

నళిని చూపు ఎడమ అంచున ఉన్న మొదటి చిరుగు దగ్గరే ఆగిపోయింది.

"మీకూ ఉండే ఉంటుంది కదా మేడమ్, ఇలాంటిది. ఎవరు?"

హైమవతి గారు పళ్లెంలోని కార్జం మీద వేలు ఆనించి కళ్లు మూసుకున్నారు, పేరు వేలికి తగులుతుందేమో అన్నట్టు. ఎంతసేపటికీ తగల్లేదు.

"నిరుటి దాకా గుర్తుండేదమ్మా ఆ పేరు" అన్నారు. "అది పోయినప్పటి నుంచి నా చేయి ఒక్కసారి కూడా తడబడలేదు."