కెంపుల సూర్యుడు, ముత్యాల చంద్రవంక

మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో కుంతలపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయన ముత్తవ్వ తలలో పెట్టుకోవడానికి రెండు బిళ్లలు చేయించింది. పాపిటకు కుడివైపు కెంపుల సూర్యుడు, ఎడమవైపు ముత్యాల చంద్రవంక. సూర్యచంద్రులున్నంత కాలం ఆలుమగలు కలిసుండాలని ఆవిడ కోరిక. అప్పటినుంచి ఆ వంశంలో పెళ్లికొడుకే తన చేత్తో వాటిని పెళ్లికూతురికి పెట్టాలి.

ఆ రాజు కొడుకు, యువరాజు జయంధరుడూ అలాగే తన పెళ్లికూతురు హేమరేఖకు పెట్టాడు. పెట్టి చెయ్యి తీశాడో లేదో, ధూమ్రకంఠుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఆమెను పీటల మీంచే ఎత్తుకుపోయాడు. పాపం, తాళి పళ్లెంలోనే ఉండిపోయింది.

జయంధరుడికి అన్నం సయించలేదు, కంటికి కునుకు లేదు. ఎక్కడ కెంపు మెరిసినా పరుగెత్తుకెళ్లి చూసేవాడు. ఒక సముద్రం దాటాడు, హేమరేఖ లేదు. రెండో సముద్రం దాటాడు, హేమరేఖ లేదు. మూడో సముద్రం ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది అతణ్ణి వీపున మోసుకెళ్లి మాంత్రికుడి దీవిలో దించింది.

"వాడి ప్రాణం నిలువుటద్దంలో ఉంది బాబూ! అసలైన అమ్మాయిని గుర్తుపట్టావంటే అది పగులుతుంది" అంది తాబేలు.

మీరు చిలకలో ఉంటుందనుకున్నారు కదూ!

జయంధరుడు వెళ్లి హేమరేఖనిమ్మంటే, మాంత్రికుడు పకపకా నవ్వి ముగ్గురు హేమరేఖలను తెచ్చి నిలబెట్టాడు. అదే మొహం, అదే చీర. ముగ్గురికీ నోరు కట్టేశాడు.

"ఇద్దరు నా అద్దంలోంచి దిగినవాళ్లు. ఒక్కసారే, ఒక్కరి చెయ్యే పట్టుకో. తప్పావా, నువ్వు రాయివి, ఆ పిల్ల ఎప్పటికీ నాది" అన్నాడు.

ఇన్నాళ్లూ ఒక్క మొహం కోసం ఏడ్చినవాడికి ముగ్గురు ఎదురైనా ఎవర్నీ అడిగి తెలుసుకునే వీల్లేకపోయింది. అప్పుడు బిళ్లలు చూశాడు. ఇద్దరికి సూర్యుడు అతని కుడిచేతి వైపు ఉన్నాడు. మూడో ఆమెకు ఎడమచేతి వైపు.

'సూర్యుడు కుడివైపే కదా! మూడో ఆమే మాయ' అనుకుని, మిగతా ఇద్దరిలో ఎవరో తేలక, తెగించి మొదటి ఆమె వైపు చెయ్యి చాచాడు.

చాచిన చెయ్యి ఆగిపోయింది. పెళ్లినాడు ఎదురుగా నిలబడి ఇలాగే తన కుడిచేతి వైపు పెట్టబోతే, హేమరేఖ నవ్వాపుకుంటూ "నా కుడి యువరాజా, మీ కుడి కాదు" అంది! ఎదుటి మనిషి కుడి మనకు ఎడమ వైపుంటుంది. అద్దంలో బొమ్మకే అది తారుమారవుతుంది.

మూడో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అద్దం భళ్లుమంది, మాంత్రికుడు పొగైపోయాడు. హేమరేఖ "ఇంత ఆలస్యమా?" అని భోరుమంది.

మళ్లీ పెళ్లి. ఈసారి రాణిగారు "నాయనా, వెనక నిలబడి పెట్టు, కుడిఎడమలు తప్పవు" అని బుద్ధి చెప్పింది.

"వద్దమ్మా. వెనక నిలబడితే తన మొహం కనపడదు. తప్పు పెడితే తనే చెబుతుంది" అన్నాడు జయంధరుడు.

ఎదురుగానే నిలబడి పెట్టాడు. రాజ్యమేలిన కాలమంతా ప్రతి పండక్కీ అలాగే పెట్టాడు. జుట్టు నెరిశాక కూడా ఆయన తప్పు పెట్టడం మానలేదు, ఆవిడ దిద్దడం మానలేదు.