రాజుగారి చల్ల చెంబు

రాజ్యం పేరెందుకు లెండి, ఆ వంశంవాళ్ళు ఇప్పటికీ ఉడుక్కుంటారు. ఒకానొక రాజ్యాన్ని ప్రచండదేవుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే తనంతటివాడు భూమ్మీద లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే కొలువులో ఒక ఆచారం పెట్టాడు. ఉదయం కొలువు తీరగానే వెండి చెంబుతో చల్ల తెచ్చేవారు. రాజుగారు చెంబుకు మూతి పెట్టి రెండు గుక్కలు తాగి, మీసం తుడుచుకుని, "మా ప్రసాదం, పుచ్చుకోండి" అని కిందికి పంపేవాడు.

సేనాపతి, మంత్రులు, దండనాయకులు వరసగా కళ్ళకద్దుకుని తాగేవారు. ఎంగిలి అంటే ఆమడ దూరం పరుగెత్తే ఆచారవంతులు కూడా కిక్కురుమనేవారు కాదు. ఉద్యోగం మరి! చివరి వరస కవులది. అక్కడికొచ్చేసరికి చెంబు ఖాళీ. "మనకేది దక్కింది గనుక ఇది దక్కడానికి?" అని వాళ్ళు గొణుక్కునేవారు.

ఆ వానాకాలం రాజుగారికి దగ్గు పట్టుకుంది. ఒళ్ళు కూడా కాస్త వెచ్చబడింది గానీ ఆయన లెక్కచేస్తేనా! "జ్వరమా? మమ్మల్ని తాకే ధైర్యం దానికెక్కడిది!" అని దగ్గుతూనే చల్ల తాగి చెంబు పంపాడు. వారం తిరిగేసరికి సేనాపతి మంచమెక్కాడు. ఆ వెనక మంత్రులు. మంచం ఎక్కనివాళ్ళు కొలువులోనే ఖంగుఖంగుమని దగ్గుతున్నారు.

వైద్యరాజు అవధానప్పను పిలిచారు. ఆయనా శాలువా కప్పుకుని వణుకుతూనే వచ్చాడు. ఎవరితో కూర్చున్నారు, ఏం తాగారు అని ఒక్క రోగినీ అడగలేదు. "కోట బయట ఉప్పు బండ్లవాళ్ళు దిగారు కదా. ఈ విషజ్వరం వాళ్ళు మోసుకొచ్చిందే" అని తేల్చేశాడు.

"పొద్దు గూకేలోగా వాళ్ళంతా ఏరు దాటిపోవాలి!" అన్నాడు రాజు.

ఏరేమో పొంగి పొర్లుతోంది. బండ్ల పెద్ద ఎర్రప్ప ఆస్థాన కవి చెన్నుభట్టు ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యా, మా కోడలికి నెలలు నిండాయి. ఈ వరదలో బండి దించితే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు. తమరే కాపాడాలి" అని ఏడ్చాడు.

"మీలో ఎవరికైనా దగ్గుందా?"

"ఒక్కరికీ లేదయ్యా. ఉంటే ఊరి దరిదాపులకు వస్తామా?"

చెన్నుభట్టుకు ఒళ్ళు మండింది. తలపాగా చుట్టుకుని నేరుగా కొలువుకు నడిచాడు.

"ప్రభూ, జ్వరం తెచ్చిన మనిషి దొరికాడు. బండ్లవాడు కాదు, మన కొలువులోవాడే. అయితే చాలా పెద్దవాడు. తమ ఆజ్ఞకు తప్ప లొంగడు."

"ఏమని ఆజ్ఞ ఇమ్మంటావు?"

"దగ్గు తగ్గేదాకా విడిగా ఒక గదిలో ఉండాలి. అతని చెంబు, కంచం ఇంకొకరు ముట్టకూడదు. బండ్లవాళ్ళ జోలికి ఎవరూ పోకూడదు."

"అలాగే. మా బావమరిది అయినా సరే, ఇదే మా ఆజ్ఞ! ఇక ఆ మహానుభావుణ్ణి చూపించు."

"చిత్తం. దగ్గు, జ్వరం లేనివాళ్ళు దయచేసి లేవండి!"

లేచింది కవుల వరస ఒక్కటే. అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు.

"మాకూ ఇదే గాలి, ఇదే నీరు ప్రభూ. మాకు అందనిదల్లా ఆ చల్ల చెంబు. దానికి అందరికంటే ముందు మూతి పెట్టేదెవరో తమరే సెలవియ్యండి."

రాజు ముఖం ఎర్రబడింది. "అంటే, జ్వరం మమ్మల్ని తాకిందంటావా?" అని గర్జించబోయి మధ్యలో దగ్గాడు.

చెన్నుభట్టు జంకలేదు. "రామరామ! తమ దగ్గర నిలవడానికి దానికెన్ని గుండెలు? అడుగు పెట్టగానే హడలిపోయి, చెంబెక్కి సేనాపతిగారి మీదికి దూకింది. తమరు దాన్ని గదిలోకి తీసుకెళ్ళి తలుపేస్తే, పారిపోయే దారిలేక అక్కడే చస్తుంది. అది తమవంటి వీరుల వల్ల అయ్యే పని."

రాజు కాసేపు గుడ్లురిమాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. నవ్వు దగ్గయ్యేసరికి, మొదటిసారిగా ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మా నోటితోనే మమ్మల్ని ఖైదు చేయించావు కదయ్యా!" అంటూ లేచి గదిలోకి నడిచాడు. దగ్గేవాళ్ళంతా ఎవరింట్లో వాళ్ళు విడిగా పడుకోవాలన్నాడు. అవధానప్ప అందరికంటే ముందే ఇంటిదారి పట్టాడు. బండ్లవాళ్ళకు కోటలో రాతి సత్రం తెరిచారు. ఎర్రప్ప కోడలు అక్కడే పొడి నేల మీద పండంటి ఆడపిల్లను కన్నది. ఆ తర్వాత కొత్తగా దగ్గు పట్టినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ కబురు విన్న రాజు గది కిటికీలోంచి కేకేశాడు. "చెన్నుభట్టూ! ఏం కావాలో కోరుకో. ఏదైనా ఇస్తాం!"

చెన్నుభట్టు కిటికీకి దూరంగా రెండడుగులు వెనక్కి వేసి దండం పెట్టాడు.

"తమరు మూతి పెట్టనిది ఏదైనా ఫరవాలేదు ప్రభూ!"

రాజు కిటికీ చువ్వలు పట్టుకుని పడీపడీ నవ్వి, ఎవరూ తొడగని కొత్త బంగారు కంకణం ఖజానా నుంచి తెప్పించి అతనికి ఇప్పించాడు.