గురివి గడప మీద కూర్చున్న దూరాలమ్మ

ఇందులో ఒక్క అక్షరం కల్ల అయితే, నోట మిగిలిన ఈ మూడు పళ్ళూ ఈ గడపరాయి మీదే రాలిపోవాలి.

పూర్వం, ఈ వాగు సముద్రమంత వెడల్పుగా పారే రోజుల్లో, దీని గట్టున గురివి అనే చాకలి ఇల్లాలు నివసించేది. ఆమెకు పుట్టిన ఇద్దరు బిడ్డలు ఏడాది నిండకుండానే జ్వరాలతో కన్నుమూయగా, మూడోవాడైనా దక్కాలని అత్తగారు ఆచారం ప్రకారం పసికందును పెంటకుప్పపై దొర్లించి పెంటయ్య అని పేరు పెట్టింది. ఆ సాయంత్రమే వాడి ఒళ్ళు పెనంలా కాలింది. అది మొదలు ఏడూళ్ళ అవతల ఎవరు తుమ్మినా ఊపిరాడక నీలం తిరిగేది వాడే. "ప్రతి ఒంట్లోనూ పుట్టుకతో కావలివాళ్ళుంటారమ్మా, వీడి ఒంట్లో వాళ్ళింకా మేల్కోలేదు" అని వైద్యుడు నిట్టూర్చాడు.

గురివి ఒక్కటి కనిపెట్టింది. బానలో ఉడకేసిన గుడ్డల్లో చుట్టి, ఎవరినీ ముట్టనివ్వని వారం బిడ్డ కడుపునిండా పాలు తాగుతాడు. చుట్టమెవరో ముద్దాడిన మర్నాడు మూలుగుతాడు. వచ్చిన చుట్టాన్ని పొమ్మనడం ఏ కోడలి తరం? అందుకని ఆమె, అమ్మవారు పోసిన ఇంటికి కట్టినట్టు, గుమ్మానికి వేపమండలు కట్టింది. ఊరంతా ఆ గడప తొక్కడం మానేసింది.

"లేని అమ్మోర్ని ఉందంటావటే? కళ్ళు పోతాయి!" అంది అత్త.

"పోతే పోనీ అత్తా, వీణ్ణి తడిమి పోల్చుకుంటాను."

అయినా ఘటాల పండుగ దగ్గరపడేకొద్దీ గురివికి ముద్ద దిగలేదు. ఆనాడు అమ్మవారి ఘటం ఇంటింటికీ వస్తుంది. పసిపిల్లలందరినీ చేతులు మారుస్తూ దాని చుట్టూ తిప్పుతారు. అబద్ధం బయటపడితే బిడ్డ మూడు వందల చేతుల్లో, కాదు, మూడు వేల చేతుల్లో పడతాడు.

డప్పుల మోతకు ఇంటి చూరు ఊగుతుండగా ఘటం రానే వచ్చింది. గురివి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"అమ్మకే అడ్డమా? తప్పుకోవే!" అని జనం గద్దించారు.

"అమ్మ... లోపలే ఉంది."

డప్పులు ఆగిపోయాయి. ఘటమెత్తిన సింహాలు అనే ముసలామె పూనకంతో ఊగుతూ వేపమండల వంక తేరిపార చూసింది. "నన్నడక్కుండా నా పేరు వాడుకున్నావటే, దొంగముండా! ఉన్నానన్నావు గనక ఉంటాను. వాడి ఒంట్లో కావలివాళ్ళు లేచేదాకా ఈ గడప మీద నేను కూర్చుంటాను, దాటినవాడి అంతు చూస్తాను" అని, ఘటాన్ని బయటే దించగా, అది ఆ క్షణమే రాయై పాతుకుపోయింది.

పెంటయ్య నూటఇరవై ఏళ్ళు బతికాడని ఊరంటుంది. కోతలు మనకెందుకు గాని, నూటపదే అనుకుందాం. జనాన్ని దూరం నిలబెట్టిన ఆ అమ్మే దూరాలమ్మ, గురివి ఇల్లే ఆమె గుడి. నేటికీ అందులో విగ్రహం లేదు. బలహీనపు బిడ్డతో తల్లి ఒక్కతే లోపల కూర్చుంటుంది, తక్కినవారు బానలోని వేణ్ణీళ్ళతో చేతులు కడుక్కుని ఘటపురాయి ఇవతలే మొక్కుతారు.

అదిగో, ముక్కు చీదుకుంటూ మీ పెద్దమ్మ గుడి లోపలున్న బాలింత దగ్గరకే పోతోంది. నోరు తెరుచుకు చూస్తావేం? పరుగెత్తు, బాన దగ్గరకు లాక్కురా!