నూనె దీపం లేని ఫిరంగమ్మ గుడి

ఉత్తరాంధ్ర తీరాన జీడితోటలు దాటి ఇసుక బాట పట్టిన భక్తులకు ముందుగా కనిపించేది పరాసుమెట్ట. మెట్ట మీద నాలుగు రాతి స్తంభాల చిన్న మండపం. అందులో పొట్ట దాకా ఇసుకలో కూరుకుపోయి, మూతి సముద్రం వైపు ఎత్తి పడి ఉన్న కంచు ఫిరంగియే మన ఫిరంగమ్మ తల్లి. ఒళ్ళంతా పసుపు, కుంకుమ బొట్లు, పైన ఎర్ర చీర. విగ్రహం ఎక్కడ అని వెతుక్కుంటూ వచ్చినవారు ఫిరంగిని చూసి ముక్కున వేలేసుకోవడం ఇక్కడ మామూలే. వేసుకోనివ్వండి, అమ్మవారికి కోపం లేదు.

ఈ గుడిలో నూనె దీపం వెలిగించరు. ఆముదం సీసాతో వచ్చినవారిని అర్చకులు మెట్ల దగ్గరే ఆపుతారు. వెలిగేది నేతి దీపం ఒక్కటే. అభిషేకం కూడా ఒక్కరు చేసేది కాదు. ఒకరు ఫిరంగి వీపు మీదున్న చిన్న రంధ్రాన్ని బొటనవేలితో మూయాలి. దాన్నే అమ్మవారి చెవి అంటారు. రెండోవారు మూతిలో నీళ్ళు పోయాలి. పోసేముందు "ఏలుందా?" అని, అంటే వేలు ఉందా అని, అడగాలి. మూసినవారు "ఉంది" అనాలి. ఎందుకని అడిగే భక్తుల కోసం, పెద్దల నోట విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ పరాసుల ఫిరంగి దండు విడిది చేసింది. పరాసులంటే ఫ్రెంచివారు. ఓడల మీద సముద్రాలు దాటి వచ్చిన ఆ దండు ఏ కోట ముందు నిలిచినా గోడ కూలిందని చెప్పుకునేవారు. అయితే కోటలు చేయలేని పని ఈ నేల మీది జ్వరాలు చేశాయి. ఏడాది తిరిగేసరికి దండులో సగానికి సగం మట్టిపాలయ్యారు. ఫిరంగుల దగ్గర మనుషులు చాలక, ఆ దొరలు మన ఊళ్ళ నుంచి బలమైనవారిని పనిలోకి తీసుకున్నారు. అలా చేరినవాడు దాలయ్య. అతని భార్య మంగాయి దండు వెంట నడుస్తూ గంజి కాచేది.

దాలయ్య పని ఫిరంగిని కూరడం. గుండు పేలగానే తడి గొర్రెతోలు చుట్టిన పొడవాటి కర్రతో గొట్టం లోపల తుడిచి, మందు సంచి పెట్టి దట్టించాలి. ఆ వేళ రెండోవాడు చెవి మీద బొటనవేలు బిగించి ఉంచాలి. వేలు సడలితే లోపలికి గాలి దూరుతుంది, మిగిలిన నిప్పురవ్వ రాజుకుంటుంది, మందు కూరేవాడి మొహం మీదే పేలుతుంది. కాలే కంచు మీద వేలు నిలవడానికి తోలు తొడుగు ఒకటి ఉండేది.

దాలయ్య ఫిరంగికి వేలు పెట్టేవాడు మార్తెను అనే పరాసు కుర్రవాడు. జ్వరంతో పడి ఉన్నప్పుడు మంగాయి గంజి పోసి బతికించింది. అప్పటి నుంచి ఆమె అతనికి అక్క, దాలయ్య బావ. దాలయ్య అతణ్ణి "తెల్ల బామ్మర్దీ" అని ఏడిపించేవాడు. కర్ర లోపలికి తోసేముందు ప్రతిసారీ "ఏలుందా, బామ్మర్దీ?" అని కేక వేసేవాడు. "ఉంది బావా!" అని జవాబు వచ్చాకే తోసేవాడు. వచ్చీరాని తెలుగులో మార్తెను తడబడకుండా పలికిన మాట అదొక్కటే.

మంగాయికి మాత్రం గుండెలు పీచుపీచుమంటూనే ఉండేవి. ఒకనాడు గంజి ముంత చేతికిస్తూ ఉన్నమాట అనేసింది.

"నా పెనిమిటి పేనం నీ ఏలి కిందుంది తమ్ముడా. ఆ ఏలు ఒగ్గీకు."

మార్తెను బొటనవేలు ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. "ఒగ్గను అక్కా," అని వేలు వదలనని మాట ఇచ్చాడు.

ఇంగిలీషువారి సేన ఏరు దాటిందని తెలిసిన ఉదయం మంగాయి పనిముట్లన్నిటికీ పూజ చేసింది. ఫిరంగికి పసుపు పూసింది, కర్రకు బొట్టు పెట్టింది. మార్తెను తోలు తొడుగు చూస్తే ఎండి బిర్రబిగుసుకుపోయి ఉంది. మన ఇళ్ళలో బిగుసుకున్న చెప్పులకు ఏం చేస్తామో ఆమె అదే చేసింది. ఆముదం పట్టించి, తోలు తాగినంతా తాగించి, మెత్తగా మెరిసే తొడుగును తమ్ముడి చేతిలో పెట్టింది.

మార్తెను దాన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చొక్కాకు ఒకసారి, పంట్లానికి ఒకసారి తుడిచి తొడుక్కున్నాడు. "బాగుంది అక్కా," అని నవ్వాడు. ఆమె మురిసిపోయింది.

ఆ రోజు పరాసుల దండు ఓడిపోయింది. ఫిరంగులు ఒక్కొక్కటే మూగబోతుంటే దాలయ్య ఫిరంగి మాత్రం పొద్దు నెత్తికెక్కేదాకా మోగింది. కంచు చెయ్యి పెట్టలేనంతగా కాలింది. మెట్ట దిగువ బండ్ల చాటున కూర్చున్న మంగాయి "ఏలుందా, బామ్మర్దీ?" అనే కేక కోసం చెవులు రిక్కించి వింటూ ఉంది. కేక వినిపించింది. "ఉంది బావా!" అన్నదీ వినిపించింది. ఆ వెంటనే పేలిన చప్పుడు మామూలు చప్పుడు కాదు.

దాలయ్య దేహంలో ఆమె గుర్తుపట్టగలిగింది మొలతాడునే. పక్కన మార్తెను మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు.

"ఒగ్గనన్నావు కదరా! నా ఇల్లు కూల్చీసినావు. నీకు గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు నేకుండా పోతావురా!" అని మట్టి ఎత్తి పోసింది.

అతడు తల వంచుకున్నాడు. కుడిచేతికి చుట్టిన గుడ్డ నెత్తురుతో తడిసి ఉన్నా, చెయ్యి ఏమైందని ఆమె అడగలేదు.

దండు కత్తి కింద పెట్టింది. మిగిలిన దొరలను గెలిచినవారు ఓడల వైపు నడిపించుకుపోయారు. ఈ ఫిరంగి బండి విరిగి ఇసుకలో దిగబడటంతో ఎడ్లు ఎన్ని కట్టినా కదలలేదు, వదిలేసి పోయారు. చెయ్యి పనికిరాని మార్తెనును కూడా ఎవరూ పట్టించుకోలేదు, అతడు దాని నీడనే ఉండిపోయాడు. పొద్దున్నే ఏటి నుంచి ఎడమచేత్తో కడవ మోసుకొచ్చి మంగాయి గుడిసె ముందు పెట్టేవాడు. ఆమె ఆ నీళ్ళు అతను చూస్తుండగానే నేల మీద పారబోసేది. మర్నాడు మళ్ళీ తెచ్చేవాడు. వానలు మొదలయ్యాక ఒకనాడు కడవ రాలేదు. పాత జ్వరమే తిరగబెట్టి అతణ్ణి తీసుకుపోయింది. ఆమె నోట వచ్చిన మాట ప్రకారమే, గుక్కెడు నీళ్ళు పోసేవారు లేకుండానే పోయాడు.

పాతిపెట్టే ముందు అతని మెడలో కట్టుకున్న తోలు ముక్కను ఎండయ్య విప్పి మంగాయికి తెచ్చి ఇచ్చాడు. ఎండయ్య దండులో ఎడ్లు తోలినవాడు. తొడుగు వేలి కొన దగ్గర కాలి చిల్లు పడి ఉంది. మాడిన ఆముదం వాసన ఇంకా పోలేదు. ఆమె ఆ చిల్లు మీద వేలు పెట్టి చూసింది.

"ఇదెలా కాలినాది?"

ఎండయ్య నేల చూపులు చూశాడు. "తోలు నీళ్ళలో నానబెట్టి ఎట్టుకోవాలమ్మా. నూనె పడితే ఏడికి సలసలా కాగిపోద్ది. ఆడికి తెలుసు. నీ మనసు నొచ్చుకుంటాదని తుడుసుకుని ఎట్టుకున్నాడు. ఏలు ఎముక దాకా కాలినా ఒగ్గనేదు. కడాన ఆ ఏలే ఆడి మాట ఇననేదు."

"నాకెందుకు సెప్పనేదురా?"

"సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

మంగాయి ఏడవలేదు. ఏడుపు కూడా రాని దుఃఖం అది. అన్నం నీళ్ళు మానేసి ఫిరంగి పక్కన పడి ఉంది. వాన తెరిపిచ్చి ఎండ మండిన ఒక మిట్టమధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు కలలో దాలయ్య కనిపించాడు. "ఒళ్ళు మండతంది మంగాయీ. ఈ ఫిరంగమ్మ ఇంకా సల్లారనేదు. సెవి మూసి నీళ్ళు పొయ్యి," అన్నాడు.

ఆమె లేచి కడవ నింపుకొచ్చింది. ఎండకు కాలిన కంచు చెవి మీద ఉత్త బొటనవేలు పెట్టింది. చురుక్కుమంది. అయినా తీయలేదు. మూతి దగ్గర పెట్టిన కడవ అందదు, వేలు తీస్తే గాని నీళ్ళు పోయలేదు. మార్తెను ఎక్కడ నిలబడ్డాడో అక్కడే, అతని వేలు ఉన్నచోటే వేలు ఉంచి, కాలుతూ నిలబడిపోయింది. అటుగా వచ్చిన ఎండయ్య చూశాడు. అతనికి చెప్పనక్కర్లేకపోయింది. కడవ ఎత్తి, "ఏలుందా?" అని అడిగాడు.

చాలాసేపటికి గాని ఆమె నోట మాట రాలేదు. వచ్చినప్పుడు తన గొంతుతో కాక తమ్ముడి గొంతుతో వచ్చిందంటారు.

"ఉంది బావా."

ఆనాటి నుంచి ఫిరంగి అమ్మవారైంది. మంగాయి బతికినన్నాళ్ళూ ఆ చెవి మీద వేలు పెట్టింది, ఎండయ్య నీళ్ళు పోశాడు. నేటి అర్చకులు ఎండయ్య వంశంవారే. మెట్ట దిగువన పక్కపక్కనే ఉన్న రెండు ఇసుక దిబ్బలు దాలయ్యవి, మార్తెనువి. అభిషేక జలం మొదట మార్తెను దిబ్బ మీద పోస్తారు.

మాట పట్టింపులతో విడిపోయిన అన్నదమ్ములు, భార్యాభర్తలు, స్నేహితులు ఈ అమ్మవారికి మొక్కుకుని ఇద్దరూ కలిసి వస్తే మనసులు చల్లబడతాయని భక్తుల నమ్మకం. తప్పు ఎవరిదని ఇక్కడ ఎవరూ అడగరు. ఇక రెండోవారు ఈ లోకంలోనే లేక, ఆలస్యంగా, ఒంటరిగా వచ్చేవారూ ఉంటారు. వారు చెవి మీద వేలు పెడితే అర్చకులే కడవ అందుకుని "ఏలుందా?" అని అడుగుతారు. వెంటనే జవాబు చెప్పలేక నిలబడిపోయినవారిని ఎవరూ తొందరపెట్టరు. వారు "ఉంది" అనేదాకా నీళ్ళు పోయరు.