తవిటమ్మ గోడ

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే ఇంకాస్త ఇవతలగా ఉండే కాలంలో, మీ తాతల తాతలు కూడా ఇంకా పుట్టని కాలంలో, తెల్లదిబ్బ అని ఒక ఊరుండేది. ఊరి చుట్టూ ఉప్పు మడులు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎత్తయిన ఇసక దిబ్బ. దిబ్బ అవతల ఒక మంచినీళ్ళ నుయ్యి. ఊరంతటికీ అదొక్కటే నుయ్యి.

ఆ ఊరివాళ్ళు కష్టజీవులు. తెల్లారేసరికి మడుల్లో ఉండేవారు. సముద్రపు నీళ్ళు పెట్టేవారు, ఎండబెట్టేవారు, తేలిన ఉప్పును చెక్కపారలతో లాగి రాశులు పోసేవారు. పనిలో వాళ్ళకి వంక పెట్టేవాడు లేడు. కానీ ఎవరైనా వచ్చి "ఏటి, బాగున్నారా?" అంటే మాత్రం ఊరంతా ఒకే మాట చెప్పేది.

"ఏటి బాగు? ఉప్పు తినేసిన కాళ్ళు, ఉప్పు తినేసిన గోడలు, ఉప్పు తినేసిన బతుకులు!"

పెళ్ళిలోనూ అదే మాట. బారసాలలోనూ అదే మాట. ఉప్పు బాగా తేలిన ఏడు కూడా అదే మాట.

ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒక మనిషి ఉండేది. ఆమెకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు తల్లికి దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే తల్లి పొరుగింటావిడకి చేటెడు తవుడుకి ఇచ్చేసి, మళ్ళీ అడిగి తెచ్చుకుంది. అలా చేస్తే బిడ్డ నిలుస్తుందని నమ్మకం. బిడ్డ నిలిచింది, పేరు తవిటమ్మ అయింది. పెరిగింది, పెళ్ళయింది, మొగుడితో కలిసి ఉప్పు మడిలో కూలికి దిగింది.

ఒక వానాకాలం ఊరికి జ్వరాలొచ్చాయి. తవిటమ్మ మొగుడు గవరయ్య ఆ జ్వరంలో పోయాడు. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది చూపు పోయిన అత్త అసిరమ్మ ఒక్కతే.

తవిటమ్మ మూల పట్టింది. పనికి వెళ్ళదు. ఎవరితోనూ మాట్లాడదు. ఇరుగుపొరుగు పెట్టిన నూకలతో గంజి కాస్తుంది, అత్తకి పోస్తుంది, మళ్ళీ ఆ మూలకే చేరుతుంది. అలా ఎన్నాళ్ళు గడిచాయో ఆమెకే తెలీదు.

ఒక సాయంత్రం అసిరమ్మ గంజి ముంత పక్కకి నెట్టింది.

"కోడలా, నాను తాగను."

"ఏం అత్తా? ఉప్పు చాల్లేదేటి?"

"ఈ ఊళ్ళో ఉప్పుకేటి లోటు! నాకు చూపు లేదు. బయట ఏటవుతున్నాదో తెలీదు. నువ్వెళ్ళి చూసొచ్చి చెప్పు. మూడు చెప్పు. నువ్వు చూసిన మంచి ఒకటి. నీకొకరు చేసిన మంచి ఒకటి. నువ్వొకరికి చేసిన మంచి ఒకటి. మూడూ విన్నాకే తాగుతాను."

తవిటమ్మకి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మొగుడు పోయినదానికి మంచేటి అత్తా?"

"నీకు మొగుడు పోయినాడు. నాకు కొడుకు పోయినాడు. అది నాకు తెలుసు. నాకు తెలీనిదేటో చూసొచ్చి చెప్పు."

తవిటమ్మ విసురుగా లేచి బయటికి నడిచింది. ముసలిది ఆకలితో పడుకుంటుందేమో అన్న భయం లేకపోతే వెళ్ళేదే కాదు. కాసేపటికి తిరిగొచ్చింది.

"గట్టు మీద కొంగ ఒంటికాలి మీద నిలబడింది. గాలికి ఊగింది. పడలేదు."

"ఊఁ. రెండోది?"

"పక్కింటి పైడితల్లి పిలిచి ఒక ఎండుచేప చేతిలో పెట్టింది."

"మూడోది?"

"మూడోది లేదు."

"ఆ చేపలో సగం నాకు పెట్టు. మూడోది అయిపోద్ది!"

తవిటమ్మకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. ఆ నవ్వు విని అసిరమ్మ చేప తింది, గంజి తాగింది.

తాగి మూతి తుడుచుకుంటూ అంది: "నోటి మాట గాలికి పోద్ది. గోడ మీద పెట్టు. సున్నం చిక్కగా కలిపి గట్టిగా పెట్టు. నా వేళ్ళకి తగలాల."

తవిటమ్మ ఒడ్డున ఏరిన గుల్లలు కాల్చి సున్నం చేసింది. పడమటి గోడ మీద వేలితో కొంగని పెట్టింది, చేపని పెట్టింది, సగం చేపని పెట్టింది. పెడుతూ పైకి అంది:

"ఇది చూశాను. ఇది అందుకున్నాను. ఇది ఇచ్చాను."

పొద్దున్నే అసిరమ్మ గోడని తడిమింది. "ఇది కొంగ. ఇది చేప. ఈ సగం నాను తిన్నది!" అని మురిసిపోయింది.

ఆ రోజు నుంచి అదే వాడుక. పొద్దు వాలగానే సున్నం ముంత, పడమటి గోడ, మూడు గుర్తులు. ఇది చూశాను. ఇది అందుకున్నాను. ఇది ఇచ్చాను. మూడూ దొరకాలంటే ఇల్లు కదలాలి. అందుకని తవిటమ్మ గుమ్మం దాటింది. మనుషుల్లోకి వెళ్ళాలి. అందుకని మళ్ళీ మడిలో దిగింది. ఒకరికేదైనా చెయ్యాలి. అందుకని బాలింతరాలికి నీళ్ళ కడవ మోసింది, ముసలాయన కాలికి పసుపు కట్టింది. గవరయ్య గుర్తుకొస్తే ఏడ్చేది. ఏడ్చినా సున్నం కలిపేది. కొన్నాళ్ళకి గోడ మీద ఖాళీ లేకపోయింది. పాత గుర్తుల మధ్య సందు చూసుకుని కొత్తవి పెట్టేది.

ఊరు నవ్వింది. ఊరి పెద్ద రామినాయుడు నవ్వాడు. పక్కింటి పైడితల్లి నవ్వింది. ఊరందరిలోకీ ఎక్కువగా సణిగే ముసలి జగ్గులు అయితే గుమ్మంలోకే వచ్చి నవ్వాడు.

"ఏటే తవిటమ్మా, ఆ బొమ్మలు కడుపు నింపుతాయేటే?"

"నింపవు మావా. కడుపు నింపుకోడానికి మడికెళ్తున్నాను కదా."

జగ్గులు "ఉప్పు తినేసిన కాళ్ళు..." అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళకి అసిరమ్మ నిండు వయసులో కన్నుమూసింది. పాడె కదిలింది, అంతా అయింది. సాయంత్రం ఊరిజనం తవిటమ్మ ఇంటి ముందు గుమిగూడారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు కొందరు. ఈ పూట ఈమె ఏం పెడుతుందో చూద్దామని వచ్చినవాళ్ళు కొందరు.

తవిటమ్మ లేచింది. కళ్ళు వాచి ఉన్నాయి. సున్నం కలిపింది.

"అత్త మొహం నిమ్మళంగా ఉంది. ఇది చూశాను. మొయ్యడానికి అడక్కుండానే నలుగురొచ్చారు. ఇది అందుకున్నాను. ఆఖరి స్నానం నా చేత్తో చేయించాను. ఇది ఇచ్చాను."

ఆ వేళ ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత కూడా నవ్వలేదు. కానీ సున్నం ముంత మాత్రం ఎవరూ పట్టలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు సముద్రం పొంగింది. మిట్టమధ్యాహ్నం చీకటి కమ్మింది. గాలి పైకప్పులు ఎగరేసుకుపోయింది. రామినాయుడు వీధి వీధికీ పరిగెత్తి "దిబ్బెక్కండి! దిబ్బెక్కండి!" అని అరిచాడు. జనం పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని మోసుకుని దిబ్బెక్కారు. వెనక ఉప్పెన వచ్చింది. తాడిచెట్టు ఎత్తున వచ్చి ఊరిమీద పడింది.

మర్నాటికి నీళ్ళు తగ్గాయి. ఇళ్ళు లేవు. మడులు బురదకింద పూడిపోయాయి. ఏడాదంతా పోసిన ఉప్పు రాశులు పుట్టిన సముద్రంలోనే కలిసిపోయాయి. తవిటమ్మ గోడ కూలి మట్టి కుప్పయింది. అన్నేళ్ళ గుర్తుల్లో ఒక్కటీ మిగల్లేదు.

"ఇక్కడింకేం లేదు. రేపు పొద్దున్నే బయల్దేరి ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం" అన్నాడు రామినాయుడు.

జగ్గులు అలవాటుగా మొదలెట్టాడు: "ఉప్పు తినేసిన కాళ్ళు, ఉప్పు తినేసిన..." గోడలు అనబోయి ఆగిపోయాడు. చూస్తే గోడలే లేవు.

పొద్దు వాలింది. అందరి చూపూ తవిటమ్మ మీద పడింది. జగ్గులే అడిగాడు. ఈసారి వెక్కిరించడానికి కాదు.

"తవిటమ్మా, ఇవాళేటి పెడతావే?"

తవిటమ్మ కూలిన గోడ మట్టి వైపు చూసింది. చివరికి అంది: "ఇవాళ నాకేటీ కనపడ్డం లేదు మావా."

ఉప్పెనకి కూడా అంతగా బెదరని జనం ఆ మాటకి బెదిరిపోయారు. ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు.

అప్పుడు తవిటమ్మ అంది: "మా అత్తకి చూపు లేనప్పుడు నన్ను చూసి చెప్పమన్నాది. ఇవాళ చూపు లేనిది నాకు. మీరు చూసి చెప్పండి."

పైడితల్లి మెల్లగా లేచింది. "నా కూతురు గుంటని నాయుడు బాబు భుజానేసుకుని దిబ్బెక్కినాడు. తనింట్లో సామాను తెచ్చుకోడానికి కూడా పోలేదు."

రామినాయుడు తల దించుకున్నాడు. "రాత్రి వానలో వణికిపోతుంటే నా మీద ఎవరో గోనె కప్పినారు. ఎవరో తెలీదు."

"నానే" అన్నాడు బోడయ్య. గట్టు తగువుతో ఏళ్ళ తరబడి నాయుడితో మాటల్లేని మనిషి ఆ బోడయ్య.

ఆ తర్వాత జగ్గులు అందుకున్నాడు. "పొద్దున్న దాహమేసి దిబ్బ అవతల నూతిలో చేద వేసినాను. ఉప్పెక్కిపోయుంటాదనుకున్నాను. తియ్యగానే ఉంది."

అందరూ ఒక్కసారి అతనివైపు తిరిగారు. "తియ్యగా ఉందా? ఇంతసేపూ చెప్పలేదేటి?"

"ఎవరడిగినారు? అందరూ పోయినవే చెప్తన్నారు కదా!"

తవిటమ్మ నిలబడింది. "మనలో ఎంతమంది పోయినారు?"

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంటింటి పేరూ పిలిచారు. పిలిచిన ప్రతి ఇంటినుంచీ పలికారు. పలికేకొద్దీ గొంతులు పెరిగాయి.

"ఎవరూ పోలేదు" అన్నాడు రామినాయుడు. "తల్లీ, ఎవరూ పోలేదు."

సున్నం లేదు, గోడ లేదు. జనమంతా నూతి దగ్గరికి నడిచారు. తడిమట్టి తీసుకుని నూతి చుట్టూ కట్టిన వరమీద ఒక్కొక్కరే గుర్తులు పెట్టారు. ఒకరు చిన్న పాదం పెట్టారు. ఒకరు గోనె పెట్టారు. జగ్గులు చేద పెట్టాడు. ఆ చేద వంకరగా వచ్చింది. ఎవరూ దిద్దలేదు. అందరూ కలిసి అన్నారు: "ఇది చూశాం. ఇది అందుకున్నాం. ఇది ఇచ్చాం."

తెల్లారింది. ఎవరూ ఊరు విడిచి వెళ్ళలేదు. నీళ్ళుంటే మనిషి నిలుస్తాడు, పక్కన మనిషుంటే ఊరు నిలుస్తుంది. మొదట బోడయ్యా రామినాయుడూ కలిసి తగువు గట్టుని మళ్ళీ పోశారు. ఆ పక్కన ఇంకో గట్టు లేచింది. వచ్చే వేసవికి మడుల్లో ఉప్పు తేలింది. అంత తెల్లటి ఉప్పు అంతకుముందెవరూ చూడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తవిటమ్మ చాలాకాలం బతికింది. చివరిదాకా ఏ పొలానికీ, ఏ మేడకీ యజమానురాలు కాలేదు. ఉప్పు మడిలో కూలిగానే ఉండి పోయింది. ఆమె పాడె వెంట ఊరంతా నడిచింది. రాతిబొమ్మ నిలబెడదామని కొందరన్నారు. పైడితల్లి ఒప్పుకోలేదు. "ఆమెకి రాయెందుకు? మనిళ్ళన్నిటికీ పడమటి గోడలున్నాయి కదా" అంది.

ఇప్పటికీ తెల్లదిబ్బలో ప్రతి ఇంటికీ పడమటి గోడ తవిటమ్మ గోడ. మేకు కొట్టరు, బట్టలు ఆరెయ్యరు. పొద్దు వాలితే సున్నం ముంత తీస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లనివ్వడానికి వస్తే ఆస్తెంతని అడగరు, మడులెన్నని అడగరు. ఆ గోడ చూసి మాట ఇచ్చి వెళ్తారు. ఆ ఊళ్ళో ఎవరెదురుపడినా "బాగున్నారా?" అనరు. "ఇవాళ గోడెక్కిందేటి?" అంటారు.

ఇంకొకటుంది. ఒక ఇంట్లో దుఃఖమొచ్చి, సున్నం కలపడానికి చెయ్యి లేవకపోతే, ఆ ఇంటి గోడని ఖాళీగా వదలరు. పొరుగింటివాళ్ళు ముంత పట్టుకొచ్చి వాళ్ళ తరఫున మూడు గుర్తులూ పెట్టి, మాటాడకుండా వెళ్ళిపోతారు. నెలయినా పెడతారు, ఏడాదయినా పెడతారు. ఆ ఇంటి మనిషి లేచి తన చేత్తో మొదటి గుర్తు పెట్టిన రోజున ఊరంతా వచ్చి గోడ ముందు నిలబడుతుంది. "మా తెల్లదిబ్బ మనిషి!" అంటుంది.

కథ గట్టు దిగింది. విన్నవాళ్ళు చల్లగా ఇళ్ళకి నడవండి.